దస్తావేజులో ఆమె పేరు

కొన్ని నెలల కిందట తెనాలి దగ్గరి ఒక పల్లె నుంచి అరవై ఏళ్ళు దాటిన ఒక తల్లి మా కార్యాలయానికి వచ్చింది. ఆమె చేతిసంచిలో ఒక ఫోటో, ఒక బ్యాంకు రసీదు ఉన్నాయి. ఫోటో కాలిఫోర్నియాలో కూతురూ అల్లుడూ చేసుకున్న గృహప్రవేశానిది. గుమ్మానికి మామిడాకుల తోరణం, పాలు పొంగించిన గిన్నె, పట్టుచీరలో కూతురు. రసీదు ఆ ఇంటికోసం ఇక్కడినుంచి అల్లుడి ఖాతాకు పంపిన డబ్బుది. పెళ్ళినాడు పసుపు కుంకుమ కింద "ఇది నీకేనమ్మా" అని కూతురికి మాటిచ్చి, రాతకోతలేవీ లేకుండా తండ్రి పేరనే ఉంచిన ఎకరంన్నర పొలాన్ని అమ్మితే వచ్చిన డబ్బు అది.

"ఆ ఇల్లు మా పొలమేనమ్మా. ఇప్పుడు అందులో మా పిల్లకి హక్కు లేదంటున్నారు. హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టిందట. ఏ కాయితం మీద పెట్టిందో దానికే గుర్తు లేదు" అని ఆ తల్లి కళ్ళు తుడుచుకుంది.

ఆ కాయితం ఏమిటో, అది ఎందుకు పుట్టిందో తెలుసుకోవడానికి మేం చేసిన ప్రయత్నమే ఈ సంపాదకీయానికి ప్రేరణ. విదేశంలో ఇల్లు కొనడం గురించి స్త్రీల హక్కుల పత్రిక ఎందుకు రాయాలి, అది డబ్బున్నవాళ్ళ గొడవ కదా అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. కానీ ఈ రోజు కోస్తా జిల్లాల్లోనూ తెలంగాణలోనూ ఎన్నో మధ్యతరగతి రైతు కుటుంబాలు అమ్ముకుంటున్న పొలం, తాకట్టు పెడుతున్న బంగారం చివరికి ఎక్కడికి చేరుతున్నాయో చూస్తే, ఇది మన ఆస్తి హక్కుల పోరాటానికి బయటి విషయం కాదని అర్థమవుతుంది.

ముందుగా నిబంధనల సంగతి చూద్దాం. విదేశీయులు ఇల్లు కొనే విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో తీరు. కెనడా 2023 జనవరి 1 నుంచి విదేశీయులు నివాస గృహాలు కొనడాన్ని నిషేధించి, ఆ గడువును 2027 జనవరి 1 వరకు పొడిగించింది. పని అనుమతి ఉన్న కొందరికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు విదేశీయులు పాత ఇళ్ళు కొనకూడదంది. తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. సింగపూర్‌లో ఇల్లు కొనే విదేశీయుడు 2023 ఏప్రిల్ నుంచి ధర మీద 60 శాతం అదనపు స్టాంపు సుంకం కట్టాలి. వీటితో పోలిస్తే తెలుగువారు ఎక్కువగా వెళ్ళే అమెరికాలో తలుపులు తెరిచే ఉన్నాయి. అక్కడ ఇల్లు కొనడానికి పౌరసత్వం అక్కర్లేదు, గ్రీన్ కార్డు అక్కర్లేదు. ఇటీవల కొన్ని రాష్ట్రాలు చైనా వంటి కొన్ని దేశాలవారి మీద ఆంక్షలు పెట్టినా, ఆ జాబితాల్లో భారతదేశం లేదు.

చట్టం అడ్డుపడకపోయినా, అప్పిచ్చే బ్యాంకు అడిగే కాగితాల జాబితా మాత్రం పెద్దదే. పాస్‌పోర్టు, వీసా, దేశంలో ఎంతకాలం ఉండవచ్చో చెప్పే పత్రం. రెండేళ్ళ ఉద్యోగ చరిత్ర, జీతం రసీదులు, పన్ను పత్రాలు. సోషల్ సెక్యూరిటీ నంబరు. గతంలో తీసుకున్న అప్పులు సక్రమంగా తీర్చారని చెప్పే క్రెడిట్ చరిత్ర. రెండు నెలల బ్యాంకు ఖాతా వివరాలు. చేతినుంచి కట్టాల్సిన మొదటి సొమ్ము. అది ధరలో 20 శాతం కన్నా తక్కువైతే సాధారణంగా బీమా పేరుతో అదనపు భారం పడుతుంది. తక్కువ సొమ్ముతో ఇల్లు కొనడానికి వీలుకల్పించే, ప్రభుత్వ బీమా ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ రుణాలను శాశ్వత నివాస హక్కు లేని విదేశీయులకు 2025 మే 25 నుంచి ఆపేశారు. ఆ దారి మూసుకుపోయాక మొదటి సొమ్ము కోసం ఇక్కడి పుట్టింటి వైపు చూసేవాళ్ళు పెరుగుతారే తప్ప తగ్గరు.

ఈ జాబితాలో ఎక్కడా "పురుషుడై ఉండాలి" అని లేదు. ఉండడానికి వీల్లేదు కూడా. స్త్రీ అన్న కారణంతోనో, వివాహిత అన్న కారణంతోనో అప్పు నిరాకరించకూడదని అమెరికా 1974లోనే చట్టం చేసింది. అంతకు ముందు అక్కడి స్త్రీలకు కూడా భర్త సంతకం లేకుండా అప్పు పుట్టడం గగనంగా ఉండేది. ఆ చట్టాన్ని అక్కడి స్త్రీల ఉద్యమం సాధించుకుంది.

మరి లోపం ఎక్కడుంది? జాబితాలోని ఒక్కో అంశాన్నీ భర్తమీద ఆధారపడిన వీసాతో వెళ్ళిన మన అమ్మాయి వైపునుంచి చదవండి. ఏటా ఆమోదం పొందే హెచ్-1బి దరఖాస్తుల్లో సగానికి పైగా భారతీయులవే. ఆ వీసాతో వెళ్ళేవారిలో ఎక్కువమంది మగవాళ్ళు. వారి భార్యలు హెచ్-4 వీసా మీద వెళతారు. ఆ వీసాకు దానంతటదిగా పనిచేసే హక్కు లేదు. పని అనుమతి లేనివారికి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు, పన్ను పత్రాలకోసం వేరే నంబరు ఇస్తారు. జీతం లేదు కాబట్టి ఉద్యోగ చరిత్ర లేదు. క్రెడిట్ కార్డు కూడా భర్త కార్డుకు అనుబంధంగానే ఉంటుంది కాబట్టి సొంత క్రెడిట్ చరిత్ర పలచన. 2015 మే 26 నుంచి, గ్రీన్ కార్డు ప్రక్రియలో కొంతదూరం వచ్చినవారి భాగస్వాములకు పని అనుమతి దొరుకుతోంది. కానీ దాన్ని పునరుద్ధరించుకోవడానికి పెట్టే దరఖాస్తు తేలేదాకా పాత అనుమతి దానంతటదే పొడిగే వెసులుబాటును 2025 అక్టోబర్ 30 నుంచి ఎత్తేశారు. ఆ ఆదాయం మీద నమ్మకం పెట్టుకోవడానికి బ్యాంకు ఇంకా తటపటాయిస్తుంది.

ఎంటెక్ చదివి, హైదరాబాదులో ఐదేళ్ళు ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక వెళ్ళిన స్త్రీ కూడా ఆ జాబితా ముందు ఏమీ లేనిదైపోతుంది. ఆమె వంట, ఆమె పిల్లల పెంపకం, భర్త పన్నెండు గంటలు పనిచేయగలిగేలా ఇంటిని నడిపిన ఆమె శ్రమ ఏ బ్యాంకు కాగితంలోనూ ఆదాయంగా కనిపించవు. ఇంటిచాకిరీకి విలువ కట్టని పితృస్వామ్యం గురించి మనం ఏళ్ళతరబడి మాట్లాడుతున్నాం. ఆ విలువ కట్టకపోవడం ఇక్కడ ఏకంగా ఒక దరఖాస్తు ఫారంగా మన ముందుకొస్తోంది.

ఇక ఆ తల్లి అడిగిన కాయితం సంగతి. కాలిఫోర్నియా, టెక్సాస్ వంటి తొమ్మిది రాష్ట్రాల్లో దంపతుల ఉమ్మడి ఆస్తి పద్ధతి ఉంది. కాపురం చేస్తున్న కాలంలో సంపాదించిన ఆస్తి ఎవరి పేరనున్నా ఇద్దరిదీ అన్నది అక్కడి సూత్రం. ఇది స్త్రీకి ఎంతో మేలుచేసే సూత్రం. మన దేశంలో చాలా వివాహ చట్టాలు ఇంతవరకు ఇవ్వని హక్కు అది. అయితే భర్త ఒక్కడి ఆదాయం, ఒక్కడి క్రెడిట్ మీద అప్పు తీసుకుని, ఇంటిని కూడా ఆయన ఒక్కడి పేర రిజిస్టరు చేయించాలనుకున్నప్పుడు, కాలిఫోర్నియాలో ఆ కాగితాలు చూసే సంస్థ భార్యచేత ఒక దస్తావేజు రాయించుకుంటుంది. ఈ ఇంటిలో నాకున్న హక్కును నా భర్తకు వదులుతున్నాను, ఇది ఆయన సొంత ఆస్తి అని దాని సారాంశం. రిజిస్ట్రేషన్ రోజున సంతకం పెట్టాల్సిన పెద్ద కాగితాల కట్టలో అది ఒక్క పేజీ. "ఇక్కడొక సంతకం పెట్టండి, ఇది మామూలే" అంటారు. భర్త పక్కనే ఉంటాడు. ఇల్లు కొంటున్న సంతోషం ఉంటుంది. అపనమ్మకం చూపినట్టవుతుందన్న బెరుకు ఉంటుంది. సంతకం పడిపోతుంది.

ఈ దస్తావేజు మనకు కొత్తదేమీ కాదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో మన ఆడపిల్లలు అన్నదమ్ముల పేర రాసిచ్చే హక్కు విడుదల పత్రానికి అది తోబుట్టువు. ఆంధ్రప్రదేశ్ 1986లో సవరణ చట్టం తెచ్చి కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి దాన్ని అమలు చేసింది. కేంద్రం ఆ పని 2005లో చేసింది. తండ్రి బతికున్నా లేకున్నా కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంత జరిగినా పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో, "పెళ్ళికి పెట్టాం కదా" అన్న మాటతో ఆడపిల్ల సంతకం పెడుతూనే ఉంది. ఇక్కడ అన్నదమ్ములకు ఒక సంతకం, అక్కడ భర్తకు ఒక సంతకం. ఈ రెంటి మధ్యా ఆమె ఆస్తి ఆవిరైపోతోంది.

నిజానికి ఈ రెంటి మధ్య మూడో కాగితం ఒకటుంది. దాన్ని ఎవరూ గమనించరు. మొదటి సొమ్ము బంధువులనుంచి వస్తే, అది అప్పు కాదు బహుమానమని ఆ బంధువు రాసివ్వాలని అక్కడి బ్యాంకు అడుగుతుంది. ఎంత ఇచ్చారు, వరసేమిటి, తిరిగి అడగరని హామీ, ఇవీ అందులో ఉండే విషయాలు. ఇక్కడినుంచి పంపడానికి ఇబ్బంది లేదు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక వ్యక్తి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చని రిజర్వు బ్యాంకు 2015 నుంచి అనుమతిస్తోంది. అప్పు తీసుకుంటున్నది అల్లుడు కాబట్టి మామగారు ఆ పత్రాన్ని అల్లుడి పేరే రాసి సంతకం పెడతారు. ఆ ఒక్క గీతతో కూతురికి పసుపు కుంకుమగా అనుకున్న పొలం అల్లుడికిచ్చిన బహుమానంగా మారిపోతుంది. స్త్రీధనం మీద పూర్తి హక్కు స్త్రీదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కానీ అది స్త్రీధనమని చెప్పే కాగితం ఏది? ఉన్న ఒక్క కాగితమూ అది బహుమానమనే చెబుతోంది. వరకట్నం 1961 నుంచి నేరం. ఆ నేరమే సముద్రం దాటి బ్యాంకు ఫారంలో మర్యాదగా చోటు సంపాదించుకుంది.

కాగితం మీద పేరు లేకపోవడమంటే ఏమిటో అమెరికా వెళ్ళిన మొదటి తరం భారతీయ పురుషులకు బాగా తెలుసు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లో చట్టం చేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకు ఆ అర్హత లేదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చడంతో పంజాబీ రైతులు ఆ చట్టం కిందికొచ్చారు. ఇంపీరియల్ లోయలో మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడి స్థిరపడిన ఈ రైతుల్లో కొందరు, అమెరికాలో పుట్టిన తమ పిల్లల పేర, నమ్మకస్తులైన స్థానికుల పేర భూమి ఉంచుకున్నారు. భారతీయులకు పౌరసత్వపు దారి 1946లో తెరుచుకుంది. ఆ భూచట్టాన్ని 1952లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కొట్టేసింది. దున్నేది తామే అయినా పత్రం మరొకరి పేర ఉంటే ఎంత దిగులుగా ఉంటుందో ఆ పురుషులు ముప్పై ఏళ్ళపాటు అనుభవించారు. అది అన్యాయమని చరిత్ర ఒప్పుకుంది. ఆ దిగులునే ఇప్పుడు భార్యలు అనుభవిస్తుంటే దాన్ని కుటుంబంలో నమ్మకం అంటున్నారు.

విదేశం అనగానే అమెరికా ఒక్కటే మనకు గుర్తు రాకూడదు. కడప జిల్లానుంచీ గోదావరి జిల్లాలనుంచీ ఇంటిపనికి కువైట్ వెళ్ళిన అక్కచెల్లెళ్ళకు అక్కడ ఇల్లు కొనే ప్రశ్నే లేదు. పరాయి ఇంటి వంటగది పక్కన పడుకుని వాళ్ళు పంపిన డబ్బుతో ఊళ్ళో డాబాలు లేచాయి. ఆ డాబాల దస్తావేజులు ఎవరి పేర ఉన్నాయో గల్ఫ్ బాధితుల మధ్య పనిచేస్తున్న కార్యకర్తలకు చెప్పనక్కర్లేదు. సంపాదన లేదు కాబట్టి హెచ్-4 భార్య పేరు పెట్టలేదంటారు. సంపాదనంతా తనదే అయిన కువైట్ అక్క పేరు ఎందుకు పెట్టలేదు? ఆదాయం లేకపోవడమే అసలు కారణం కాదని ఈ రెండు ఇళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

నిబంధనలను మార్చడం అసాధ్యం కాదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2015లో మొదలైనప్పుడు, పేద కుటుంబానికిచ్చే ఇల్లు స్త్రీ పేరనో, ఉమ్మడిగానో ఉండాలని షరతు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 డిసెంబరులో ఇళ్ళస్థలాల పట్టాలను మహిళల పేరనే పంచింది. అంటే స్త్రీ పేరు కూడా ఒక అర్హత కాగలదు. ప్రభుత్వమిచ్చే సెంటు, సెంటున్నర స్థలానికి వర్తించే ఈ నీతి, కుటుంబం సొంతంగా కొనుక్కునే కోట్ల రూపాయల ఇంటికి వచ్చేసరికి గుమ్మం బయటే నిలబడిపోతోంది.

మనం చేయగలిగిందేమిటి? ఆ తల్లీకూతుళ్ళ విషయంలో మేం ఆలస్యంగా తెలుసుకున్నవి కొన్ని ఇక్కడ చెబుతున్నాం. సంఘాల్లో, పెళ్ళికి ముందు కౌన్సెలింగుల్లో, విదేశాలకు వెళ్ళే ఆడపిల్లలకిచ్చే శిక్షణల్లో వీటిని చర్చించాలని కోరుతున్నాం.

అన్నిటికన్నా ముఖ్యమైనది, అప్పు వేరు, హక్కు వేరు. ఆదాయం లేక అప్పు పత్రంలో పేరు చేరని స్త్రీ పేరు కూడా ఇంటి దస్తావేజులో చేరవచ్చు. ఈ రెంటినీ కలిపి "నీకు జీతం లేదు కాబట్టి నీ పేరు పెట్టనివ్వరు" అని చెప్పడం చాలాసార్లు తెలియనితనం, కొన్నిసార్లు మోసం. దీనికి తలకిందులైన ప్రమాదం కూడా ఉంది. అప్పులో పేరుండి దస్తావేజులో లేకపోతే బాకీ ఆమెది, ఇల్లు ఆమెది కాదు.

రెండోది, ఉమ్మడి పేర్లలో కూడా తేడాలున్నాయి. ఒకరు చనిపోతే మొత్తం రెండోవారికి చేరే పద్ధతి ఒకటి, ఎవరి వాటా వారి వారసులకు పోయే పద్ధతి ఒకటి. దస్తావేజులో ఏ మాట రాస్తున్నారో అడగాలి. స్థిరాస్తి ఏ దేశంలో ఉంటే ఆ దేశ చట్టమే దానికి వర్తిస్తుంది. ఇక్కడి పెద్దమనుషుల పంచాయితీలో చేసుకున్న ఒప్పందం అక్కడి ఇంటిమీద చెల్లదు.

మూడోది, పుట్టింటివాళ్ళు డబ్బు పంపితే కూతురి సొంత ఖాతాకు పంపాలి. బహుమాన పత్రంలో ఆమె పేరు ఉండాలి. బ్యాంకు అల్లుడి పేరే అడిగితే, ఆ సొమ్ము కూతురిదని దంపతుల మధ్య విడిగా రాతపూర్వక ఒప్పందం ఉండాలి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఒకరికే ఇచ్చిన బహుమానం వారి సొంత ఆస్తి. రుజువుంటే ఇల్లు పంచుకునేటప్పుడు దాన్ని రాబట్టుకునే అవకాశం ఉంది. దానికన్నా ముందు, పొలం ఇక్కడ ఉన్నప్పుడే ఆమె పేర రిజిస్టరు చేయడం మంచిది. మాటతో ఇచ్చిన పొలం మాటతోనే పోతుంది.

నాలుగోది, చదవకుండా సంతకం పెట్టకూడదు. అప్పు తీసుకునేవారికి ఖర్చుల వివరాల పత్రం మూడు పనిదినాల ముందే అందాలని అక్కడి నియమం. హక్కు వదిలే దస్తావేజు ఏదైనా ఉంటే దాన్నీ ముందుగానే అడిగి తెప్పించుకుని, భర్త లాయరుకు కాక తన లాయరుకు చూపించుకోవాలి. ఇప్పటికే సంతకం పెట్టినవాళ్ళు కూడా ఆశ వదులుకోనక్కర్లేదు. దంపతుల మధ్య ఒకరికే లాభం కలిగించిన లావాదేవీలో ఒత్తిడి లేదని రుజువుచేయాల్సిన బాధ్యత లాభపడినవారిదేనని కాలిఫోర్నియా కోర్టులు చూస్తాయి. టెక్సాస్‌లో కాపురముంటున్న ఇల్లు భర్త పేరనే ఉన్నా, భార్య సంతకం లేకుండా దాన్ని అమ్మడానికి వీల్లేదు. ఇంగ్లండులో ఇల్లు తన పేర లేని భార్య, అందులో నివసించే హక్కును భూమి రిజిస్టరులో నమోదు చేయించుకోవచ్చు. ఈ రక్షణలు ఉన్నాయని తెలియకపోతే అవి ఉన్నా లేనట్టే.

తెనాలి తల్లి కూతురు ఇప్పుడు అక్కడ ఒక స్త్రీల సహాయ సంస్థ ద్వారా లాయరును కలిసింది. పెళ్ళి రద్దయితే ఆమె వీసా కూడా పోతుంది. ఇల్లు, వీసా, ఆరేళ్ళ కొడుకు, మూడూ ఒకే ముడిలో పడి ఉన్నాయి. ఫలితం ఎలా ఉంటుందో మేం చెప్పలేం. పొలం అమ్మిన దస్తావేజు నకలు, బ్యాంకు రసీదు, అల్లుడికి తండ్రి రాసిచ్చిన బహుమాన పత్రం నకలు మాత్రం ఆ తల్లి ఇప్పుడు జాగ్రత్తగా ఒక ఫైలులో పెట్టుకుంది. మొదట మా దగ్గరకు వచ్చినప్పుడు ఆమె "మాకేం తెలుసమ్మా" అంది. మొన్న వచ్చినప్పుడు, ఊళ్ళో మరో ఇంట్లో అమెరికా సంబంధం కుదిరిందని, ఆ పిల్ల తల్లికి ఈ కాగితాల సంగతి తానే చెప్పానని అంది.

ఆమె మొదలుపెట్టిన పనిని మనం సంఘాలుగా చేయాలి. మీ ప్రాంతంలో ఇలాంటి అనుభవాలుంటే మాకు రాయండి. అమ్మిన పొలం ఎవరిది, కొన్న ఇల్లు ఎవరి పేర ఉంది అన్న రెండు ప్రశ్నలను ప్రతి సమావేశంలో అడగండి.